పింగాణీ బొమ్మలు - మా బాయి బొగ్గు

గోదావరిఖనిలో బాయి పని చేసి రిటైరైన మా బాపుని ఓసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళా. యూరప్ పింగాణీ బొమ్మల దగ్గర ఆగి, "ఇవి కాల్చేటందుకు ఎంత బొగ్గు గావాలె కొడుకా?" అన్నాడు.

మంచి ప్రశ్నే! విక్టోరియా కాలంలో ఇంగ్లండు ఇళ్ళల్లో ఆశ, విశ్వాసం, నాలుగు ఋతువులు లాంటివాటికి మనిషి రూపమిచ్చిన బొమ్మలు పెట్టుకోవడం ఫ్యాషన్. 1840ల్లో పాలరాయిలా కనిపించే 'పేరియన్' పింగాణీ వచ్చాక మధ్యతరగతికీ అందాయి. మింటన్, కోప్లాండ్ లాంటి కంపెనీలు స్టాఫర్డ్‌షైర్‌లోనే. ఎందుకంటే అక్కడ కాళ్ళకిందే బొగ్గు. బట్టీ ఒక్కసారి కాలాలంటే టన్నుల కొద్దీ కావాలి మరి.

ఇంకో చిత్రం. ఈ మ్యూజియం సేకరణలో చాలాభాగం కూడబెట్టిన మూడో సాలార్‌జంగ్ పుట్టిందీ, ఇల్లెందులో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైందీ ఒకే ఏడాది, 1889. బొమ్మ పక్కన చీటీ మీద కంపెనీ పేరుంటుంది. బొగ్గు తవ్వినోడి పేరు మాత్రం ఏ చీటీ మీదా ఉండదు. బాపు అడక్కపోతే నాకూ గుర్తొచ్చేది కాదు.