గోడ నుంచి పుటకు: అలస్డేర్ గ్రే నవలల్లో బొమ్మ, అక్షరం

1981లో ఎడిన్‌బరోకు చెందిన కానన్‌గేట్ ప్రచురణ సంస్థ 'లానార్క్' నవలను వెలువరించేనాటికి దాని రచయిత అలస్డేర్ గ్రేకు 46 ఏళ్ళు. అప్పటికి ఆయన గ్లాస్గో నగరంలో ప్రధానంగా చిత్రకారుడు. ఈ తొలి నవలతోనే ఆయన ఉత్తరాధునిక నవలాకారుల వరుసలో చేరారు. కథాక్రమాన్ని తారుమారు చేయడం, రచయితే పాత్రగా కథలోకి రావడం, పాఠం తన కల్పితత్వాన్ని తానే బయటపెట్టుకోవడం వంటి లక్షణాలను విమర్శకులు ఇందుకు ఆధారాలుగా చూపుతారు. ఈ గుర్తింపు సరైనదే గాని అసంపూర్ణం. గ్రే పుటను చూసిన తీరుకు మూలాలు సిద్ధాంతాల్లో కంటే కుడ్యచిత్రకారుడిగా ఆయన గడిపిన జీవితంలోనే ఎక్కువగా దొరుకుతాయి.

గ్రే 1934 డిసెంబర్ 28న గ్లాస్గోలోని రిడ్రీ ప్రాంతంలో శ్రామిక కుటుంబంలో జన్మించారు. 1952 నుంచి 1957 వరకు గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో కుడ్యచిత్రకళ అభ్యసించారు. 'లానార్క్' రచన ఆ విద్యార్థిదశలోనే మొదలైంది. తరువాత బ్రిడ్జ్‌టన్‌లోని ఒక చర్చి గోడలపై సృష్టిక్రమాన్ని చిత్రించారు. కొన్నేళ్ళకు ఆ చర్చిని కూల్చివేయడంతో చిత్రమూ నశించింది. నవలలోని యువచిత్రకారుడు డంకన్ థా కూడా ఒక చర్చిలో సృష్టిగాథను చిత్రించబూని, ఆ పనిలోనే మతి చలించి పతనమవుతాడు. గోడ మీద నిలవని పనికి పుస్తకం ఆశ్రయమైందని భావించడానికి ఇక్కడ తగిన ఆధారముంది. 1977లో పీపుల్స్ ప్యాలెస్ మ్యూజియం ఆయనను నగర చిత్రకారుడిగా నియమించగా, గ్లాస్గో వీధులను, మనుషులను చిత్రాల్లో నమోదు చేశారు. తమ నగరాన్ని కళలో చూసుకునే అవకాశం అక్కడివారికి లేకపోయిందన్న థా ఆవేదనకూ ఈ ఉద్యోగానికీ మధ్య దూరం చాలా తక్కువ.

'లానార్క్'లోని నాలుగు భాగాలు మూడు, ఒకటి, రెండు, నాలుగు అన్న వరుసలో ఉంటాయి. వాస్తవిక గ్లాస్గోలో థా కథ, అన్‌థాంక్ అనే కల్పిత నగరంలో లానార్క్ కథ ఒకదానినొకటి వెలిగిస్తాయి. ప్రతి భాగానికీ గ్రే గీసిన ముఖచిత్రం ఉంది. నాలుగవదాన్ని థామస్ హాబ్స్ 'లెవయథన్' ముఖచిత్రాన్ని అనుసరించి గీశారు. రాజ్యం మనుషులను మింగే తీరు ఆ భాగపు ఇతివృత్తం కనుక ఆ బొమ్మ అలంకారం కాదు, వ్యాఖ్యానం. పుస్తకం ముగియకముందే వచ్చే ఉపసంహారంలో రచయిత తన నాయకుడిని కలుసుకుంటాడు. పుట అంచున గ్రంథచౌర్యాల సూచిక నడుస్తుంది. నవల 44 అధ్యాయాలతో ముగుస్తుంది, సూచిక మాత్రం ఆ తరువాతి అధ్యాయాలను కూడా ప్రస్తావిస్తుంది! ఒకే పుటలో కథనం, పాదసూచిక, అంచుపాఠం పక్కపక్కనే సాగడం, కన్ను ఎటైనా తిరగగలిగే గోడచిత్రాన్ని గుర్తుకు తెస్తుంది.

1984 నాటి '1982, జానీన్'లో ఈ పద్ధతి మరింత ముందుకు వెళ్ళింది. ఒక రాత్రి హోటల్ గదిలో ఆత్మహత్యకు యత్నించే జాక్ మెక్‌లీష్ మనస్సులోని గొంతులు పుటపై వేర్వేరు దిశల్లో అచ్చయ్యాయి. అక్కడ ముద్రణే చిత్రం. అంతకు ముందరి ఏడాది వచ్చిన కథాసంపుటిలో, తాను పొరపాటున చేరానని చెప్పుకునే తప్పొప్పుల చీటీ కూడా ఉంది. గ్రే హాస్యం ఎంత తీవ్రమైన పనికైనా అడ్డురాదు.

అన్నిటికన్నా సంక్లిష్టమైనది 1992లో వెలువడి విట్‌బ్రెడ్ నవలా పురస్కారాన్ని, గార్డియన్ కాల్పనిక సాహిత్య బహుమతిని పొందిన 'పూర్ థింగ్స్'. విక్టోరియన్ గ్లాస్గోలో గాడ్విన్ బాక్స్‌టర్ అనే శస్త్రవైద్యుడు మరణించిన స్త్రీకి ప్రాణం పోసి బెల్లాగా మలిచాడని ఆమె భర్త మెక్‌కాండ్లెస్ తన స్మృతుల్లో రాస్తాడు. గ్రే తనను తాను కేవలం సంపాదకుడిగా ప్రకటించుకుంటారు. తాను గీసిన రూపచిత్రాలను విలియం స్ట్రాంగ్ (1859–1921) అనే వాస్తవ చిత్రకారుడికి ఆపాదిస్తారు. చారిత్రక ఆధారంగా కనిపించే బొమ్మ కూడా కల్పితమే కావచ్చునన్న హెచ్చరిక అందులో ఉంది. స్మృతుల తరువాత వచ్చే విక్టోరియా ఉత్తరం భర్త కథనాన్ని పూర్తిగా ఖండిస్తుంది. తనను ఎవరూ తయారు చేయలేదని ఆమె వాదన. సంపాదకుడు మాత్రం భర్తనే నమ్మి, ఆ నమ్మకానికి అనుబంధ సూచికలు సమకూరుస్తాడు. స్త్రీ స్వయంగా చెప్పిన మాటను పత్రాలు, బొమ్మలు, పాండిత్యం కలిసి ఎలా అణచివేయగలవో పుస్తకం తన రూపంతోనే చూపుతుంది. పాదసూచికలతో జీవించే పరిశోధకులకు ఈ వ్యంగ్యం కొంత గట్టిగానే తగులుతుంది.

తరువాతి కాలంలో గ్రే మళ్ళీ గోడలకు చేరారు. ఒకప్పటి చర్చి అయిన ఓరన్ మోర్ పైకప్పును చిత్రించారు. 2012లో హిల్‌హెడ్ సబ్‌వే స్టేషన్‌లో ఆయన కుడ్యచిత్రం వెలిసింది. 2019 డిసెంబర్ 29న ఆయన మరణించారు.

2023లో యోర్గోస్ లాంతిమోస్ 'పూర్ థింగ్స్'ను చలనచిత్రంగా తీశారు. అది నాలుగు ఆస్కార్లు గెలుచుకుని గ్రే పేరును ప్రపంచానికి చేరవేసింది. అందులో బాక్స్‌టర్ ఇల్లు లండన్‌కు మారింది. విక్టోరియా ఉత్తరం, సంపాదకుడి సూచికలు, స్ట్రాంగ్ పేరిట గీసిన బొమ్మలు లేవు. సినిమాతో మొదలుపెట్టే పాఠకుడికి మెక్‌కాండ్లెస్ చెప్పిన కథ ఒక్కటే అందుతుంది. దానిని కాదన్న గొంతు అచ్చుపుస్తకంలోనే ఉండిపోయింది.