పెళ్లికి ఎంత టైం కావాలి? మన పెద్దలు వేసిన లెక్క, వెయ్యని లెక్క

పెళ్లికి ఎన్నాళ్ల ముందు నుంచి పనులు మొదలెట్టాలి అని మన గొలుగొండ, నర్సీపట్నం వైపు ఎవర్ని అడిగినా ఇప్పుడు ఒకటే మాట చెప్తారు. ముందు కల్యాణమండపం ఖాళీ ఉందో లేదో చూసుకోండి, తర్వాత వంటవాళ్లు, ఫొటోలవాళ్లు, బట్టలు, బంగారం. నాలుగైదు నెలలైనా ఉండాలంటారు. మాట నిజమే. కానీ పెళ్లి టైం అంటే రెండు లెక్కలండి. ఒకటి పెళ్లి పనులకి కావాల్సిన టైం. రెండోది పెళ్లికూతురికి కావాల్సిన టైం. మన పెద్దలు మొదటి లెక్క చాలా బాగా వేశారు. రెండోది చాలాకాలం వెయ్యనే లేదు. ఈ రోజు ఆ సంగతే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పనుల లెక్క చూద్దాం. మండపాలు లేని రోజుల్లో పెళ్లి ఇంటి ముందే, పందిట్లోనే. ఆ పందిరికి రాటలు, తాటాకు కావాలి. విస్తళ్లకి అడ్డాకులు ఏజెన్సీ నుంచి దిగాలి, వాటిని ఎండబెట్టి ఆడవాళ్లు కూర్చుని కుట్టాలి. ధాన్యం దంపాలి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని పెళ్లికి పాత బియ్యమే దాచేవారు, అంటే ఒక పంట ముందే ఆలోచన ఉండాలన్న మాట. పసుపు కొట్టాలి, అప్పడాలు ఒత్తాలి, సారెకి అరిసెలు వండాలి. కుమ్మరికి కుండలు చెప్పాలి, కంసాలికి పుస్తెలు చెప్పాలి. ఇవన్నీ ఊళ్లో మనుషులు చేతుల్తో చేసే పనులే. కాబట్టి ఊరు ఖాళీగా ఉన్నప్పుడే పెళ్లి అవ్వాలి. వరి కోత అయ్యి, నూర్పులయ్యి, చెరకు గానుగాడి, బెల్లం అనకాపల్లి మార్కెట్టుకి వెళ్లి డబ్బు చేతికొస్తే అప్పుడు పెళ్లి. మాఘ, ఫాల్గుణాల్లో మన వైపు పెళ్లిళ్లు ఎక్కువ కావడానికి పంచాంగం ఎంత కారణమో బెల్లం డబ్బూ అంతే కారణం. పంట నుంచి పంటకి ఒక పెళ్లి. రైతు ఇంటి లెక్క అది.

దాని మీద ఆకాశం లెక్క ఇంకోటి. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి దగ్గరగా వచ్చి కనబడకపోతే మూఢం అంటాం. గురు మూఢం ఏడాదికోసారి ఇంచుమించు నెల రోజులు ఉంటుంది. శుక్ర మూఢం ఒకసారి కొద్ది రోజుల్లో పోతుంది, ఇంకోసారి రెండు నెలలు కూర్చుంటుంది. ఆషాఢం, పుష్యం సరేసరి, అధికమాసం వస్తే అదీ తీసెయ్యాలి. 2024 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రెండు మూఢాలూ కలిసి వచ్చి, వెనకే ఆషాఢం తగులుకుని, ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ముహూర్తాలు దాదాపు లేనట్టే అయిపోయింది. అంతకు ముందు ఏప్రిల్లో ఎంత తొక్కిడి పడ్డామో, శ్రావణంలో మళ్లీ ఎంత తొక్కిడో చూశాం కదా. గడువు దగ్గర పడితే మనిషికి కంగారు పుడుతుంది. ఈ కంగారు అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు రెండో లెక్క. గురజాడ అప్పారావు గారు మన జిల్లా మనిషే. 1862లో ఎస్.రాయవరంలో పుట్టారు, అది ఇప్పుడు మన అనకాపల్లి జిల్లాలోదే. ఆయన కన్యాశుల్కం నాటకం చాలామందికి తెలుసు. 1897లో అచ్చయిన ఆ పుస్తకానికి ఆయన రాసిన ముందుమాట మాత్రం తక్కువ మంది చూసుంటారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి గారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయించారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు 3. కూడండి, 188 మంది. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలట. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరిగేవని ఆయన రాశారు. ఒక కులం లెక్క మాత్రమే ఇది. మిగతా కులాలు కూడా చేతులు దులుపుకోడానికి లేదు, చిన్నపిల్లల పెళ్లిళ్లు అందరిళ్లల్లోనూ ఉండేవి. ఆ ఇళ్లల్లో పందిరికీ, పప్పుకీ, బాజాభజంత్రీలకీ ఎన్ని రోజులు కావాలో లెక్క ఉంది. పిల్లకి ఎన్నేళ్లు కావాలో లెక్క లేదు.

ఆ లెక్క మొదటిసారి వేసింది చట్టం. అజ్మీర్‌కి చెందిన హరబిలాస్ శారదా గారు 1927లో బిల్లు పెట్టారు. 1929 సెప్టెంబర్‌లో కేంద్ర అసెంబ్లీలో అది నెగ్గింది. ఆడపిల్లకి 14 ఏళ్లు, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండాలి. అదే శారదా చట్టం. కానీ అమలు తేదీ 1930 ఏప్రిల్ 1 అన్నారు. మధ్యలో ఆరు నెలల గడువు.

ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో ఊహించండి. మారమని ఇచ్చిన గడువుని జనం పెళ్లిళ్లకి వాడుకున్నారు. ఏప్రిల్ వచ్చేస్తుంది, ఈ లోపు కానిచ్చెయ్యాలి అని దేశమంతా చిన్నపిల్లల పెళ్లిళ్లు గుంపులు గుంపులుగా చేసేశారు. తర్వాతి ఏడాది, 1931 జనాభా లెక్కల్లో పదిహేనేళ్ల లోపు పెళ్లయినవాళ్ల సంఖ్య తగ్గాల్సింది పోయి బాగా పెరిగి కనిపించింది. చట్టం నుంచి తప్పించుకోడానికి చేసిన ఆ పెళ్లిళ్లలో పిల్ల మాట ఎవరడిగారు?

ఏప్రిల్ 1 దాటాక కూడా ఆగలేదు. మన గోదావరి పక్కనే, కాకినాడకి దిగువన యానాం ఉంది కదా. అది అప్పుడు ఫ్రెంచివాళ్లది. బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు. దాంతో చుట్టుపక్కల తెలుగు జిల్లాల వాళ్లు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్లి పెళ్లి చేసుకుని వచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు వచ్చింది ఇందుకే. వినడానికి ఎంత మంగళకరంగా ఉందో చూడండి. 1954లో ఫ్రెంచి పాలన పోయేదాకా ఆ దారి తెరిచే ఉంది.

చట్టంలో కూడా బలం తక్కువే. ఎవరో ఒకరు మేజిస్ట్రేటు దగ్గరికెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి. తప్పు తేలితే నెల రోజుల జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. పెళ్లి మాత్రం చెల్లుతుంది. ఊళ్లో చుట్టం మీద చుట్టం ఎవరు ఫిర్యాదు చేస్తాడండి? అయినా లెక్క ముందుకే నడిచింది. 1949లో ఆడపిల్ల వయసు 15 చేశారు. 1978లో ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 అయ్యింది. 2006 చట్టంతో మైనరుగా ఉండగా పెళ్లయిన పిల్ల, మేజరయ్యాక రెండేళ్ల లోపు కోర్టుకెళ్లి ఆ పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. 14 నుంచి 18 దాకా, నాలుగేళ్ల టైం ఆడపిల్లకి ఇవ్వడానికి ఈ దేశానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. దేశం కంటే మనమే వెనక ఉన్నాం.

ఇక్కడే ఆ కంగారు దగ్గరికి వస్తున్నాను. 1930లో ఏప్రిల్ 1 వచ్చేస్తుందన్నారు. ఇప్పుడు మూఢం వచ్చేస్తుంది అంటారు. మంచి సంబంధం, మళ్లీ దొరకదు అంటారు. తాతకి ఒంట్లో బాలేదు, కళ్లతో చూసి పోతాడు అంటారు. ఇంటర్ అయిపోయింది, ఇంట్లో ఖాళీగానే ఉంది కదా అంటారు. ఆ కంగారు ఖరీదు రెండు చోట్ల కడతాం. మొదటిది తండ్రి కడతాడు. సరుకు ధర రాకముందే అమ్మేస్తాడు, లేదంటే వడ్డీకి తెస్తాడు, పది సెంట్లు తాకట్టు పెడతాడు. రెండోది పిల్ల కడుతుంది. ఆగిపోయిన చదువు, ఒళ్లు కుదరకుండా వచ్చిన కడుపు. తండ్రి అప్పు నాలుగు పంటల్లో తీరితే తీరొచ్చు. పిల్ల కట్టింది తిరిగి రాదు.

పనుల టైం ఎంతకైనా కుదించొచ్చని 2020లో కరోనా చూపించింది. పెళ్లికి యాభై మంది మించకూడదన్నారు. ఇంటి ముందే, అయినవాళ్ల మధ్య, ఉన్న కూరగాయలతో పెళ్లిళ్లు అయిపోయాయి. ఆ జంటలు ఇప్పుడు బాగానే కాపురం చేసుకుంటున్నాయి కదా. మండపం లేకపోయినా, వెయ్యి ఆకులు లేవకపోయినా పెళ్లి ఆగలేదు.

కాబట్టి ఎంత టైం అని నన్నడిగితే నా లెక్క ఇది. పనులకి ఒక పంట టైం పెట్టుకోండి. పంట డబ్బు చేతికొచ్చాకే ముహూర్తం, వచ్చినంతలోనే పెళ్లి. ఈ శ్రావణం తప్పితే మాఘం ఉంది, అది తప్పితే వైశాఖం ఉంది, ముహూర్తాలు ఎక్కడికీ పోవు. పిల్ల లెక్క మాత్రం వేరే కట్టండి. 18 నిండడం ఆ లెక్కకి మొదలే గానీ చివర కాదు. చదువు ఎక్కడిదాకా అనుకుందో అడగండి, అబ్బాయితో మాట్లాడనివ్వండి, ఆలోచించుకోడానికి కొన్ని నెలలు ఇవ్వండి. వద్దంటే వినండి. ఆ నెలలు ఆగలేని సంబంధం మంచి సంబంధం ఎలా అవుతుందండి?

మీ వీధిలో 18 నిండని పిల్లకి పందిరి వేస్తుంటే 1098కి ఫోన్ చెయ్యండి. చుట్టమని ఊరుకోకండి. 1930లో అలా ఊరుకున్నవాళ్లే ఎక్కువ, అందుకే ఆ లెక్కలు అలా వచ్చాయి.