గేమ్ కన్సోల్ - టీవీ అనుసంధానం

ఇంట్లో ఆడుకునే గేమ్ పెట్టె నుంచి బొమ్మనూ శబ్దాన్నీ టీవీకి చేర్చే పద్ధతులివి. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌ది ఆర్‌ఎఫ్ పద్ధతి: బొమ్మా శబ్దమూ కలిసి యాంటెన్నా తీగ దారినే టీవీలోకి వెళ్లేవి, దానికి కేటాయించిన ఛానెల్ తిప్పుకోవాలి. 1990లలో అన్నవరంలోనైనా అమలాపురంలోనైనా పిల్లలు ‘టీవీ గేమ్’ అన్నది చాలావరకు ఫ్యామికామ్ నకళ్లనే.

తర్వాతిది మూడు రంగుల ఏవీ కేబుల్. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. పసుపు పిన్ను తెల్ల రంధ్రంలో గుచ్చితే బొమ్మ రాదు సరికదా, స్పీకరు బుర్రుమంటుంది. వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసిపోవడంతో అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతున్నట్టుంటాయి. ఎస్-వీడియో కేబుల్ ఆ రెంటినీ విడదీసింది. కాంపొనెంట్ కేబుల్ బొమ్మను మూడు తీగలకు పంచింది.

తీగ కుదిరినా టీవీ పద్ధతి కలవాలి. అనలాగ్ రోజుల్లో మన టీవీలది 625 గీతల, సెకనుకు 50 ఫీల్డుల పాల్ పద్ధతి. జపాన్, అమెరికాలది 525 గీతల, 60 ఫీల్డుల ఎన్‌టీఎస్‌సీ. అమెరికా చుట్టాలు తెచ్చిన కన్సోల్‌ను పాల్ ఒక్కటే తెలిసిన పాత టీవీకి తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చేది, లేదా దొర్లిపోయేది. అక్కడి కరెంటు 120 వోల్టులది కావడంతో ఆ తిప్పలు వేరే.

2006 నాటి ప్లేస్టేషన్ 3తో హెచ్‌డీఎంఐ కన్సోళ్లలోకి వచ్చింది: బొమ్మా శబ్దమూ అంకెల రూపంలో, ఒకే తీగలో.