మాథేరాన్: మోటారు ఆగిన చోట

హైదరాబాదు నుంచి ముంబై వెళ్ళే రైళ్ళు పుణె దాటాక బోర్‌ఘాట్ సొరంగాల్లోంచి దిగి కర్జత్ చేరతాయి. అక్కడి నుంచి కల్యాణ్ వైపు సాగేటప్పుడు ఎడమ పక్క కిటికీలోంచి చూస్తే ఒక కొండ కనిపిస్తుంది. దాని నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. అంచులు కోటగోడల్లా నిలువునా తెగి ఉంటాయి. తెల్లవారుజామున ఆ దారిన వెళ్ళే మనవాళ్ళలో చాలామంది అప్పటికి సామాన్లు సర్దుకునే హడావిడిలో ఉంటారు. ఆ కొండ మీద ఒక ఊరుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది 4,393 మంది. అయినా దానికి సొంత పురపాలక సంఘం ఉంది, సొంత రైల్వే స్టేషన్ ఉంది. లేనిదల్లా కారు, స్కూటరు, ఆటో.

కొండ కింద ఉన్న నేరళ్‌లో దిగి టాక్సీ ఎక్కినవాళ్ళు దస్తూరీ నాకా దాకా వెళ్ళగలరు. అక్కడితో తారు రోడ్డు సరి. ప్రధాని వచ్చినా పామరుడు వచ్చినా ఇంజను ఆపి దిగాల్సిందే. అంబులెన్సుకూ అగ్నిమాపక శకటానికీ మాత్రం మినహాయింపు. ఊళ్ళోకి వెళ్ళాలంటే ఇంకా రెండున్నర కిలోమీటర్ల దారి. నాకా దాటగానే గుర్రాలవాళ్ళు, మూటలు మోసే కూలీలు చుట్టుముడతారు. కొంచెం ముందుకు వెళ్తే చెట్ల గుబురు మూసుకుంటుంది, కింద లోయలోని హారన్లు వినిపించడం మానేస్తాయి. గిట్టల చప్పుడు, కోతుల గోల, ఎవరో ఎవరినో మరాఠీలో పిలిచే కేక మాత్రం మిగులుతాయి. ముంబై మహానగరం అక్కడికి ఎనభై, తొంభై కిలోమీటర్ల దూరంలోనే ఉందంటే కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మలేరు.

ఈ నిశ్శబ్దానికి ఒక చరిత్ర ఉంది. దాని బరువును మోసిన మనుషులూ ఉన్నారు.

మాథేరాన్ అంటే మరాఠీలో దాదాపుగా ‘నెత్తి మీది అడవి’. సముద్ర మట్టానికి 800 మీటర్ల ఎత్తున ఉన్న ఈ అడవిని 1850 మే నెలలో ఠాణే కలెక్టరు హ్యూ పాయింట్జ్ మాలెట్ ‘కనుక్కున్నాడు’ అని పుస్తకాలన్నీ రాస్తాయి. ఆయన కొండ కిందనున్న చౌక్ గ్రామంలో మకాం వేసి, పల్లె మనిషిని వెంటబెట్టుకుని పైకి ఎక్కాడు. దారి చూపినవాడికి ఆ కొండ ముందే తెలుసన్నమాట. ధన్‌గర్లు అక్కడ పశువులను మేపారు. ఠాకర్, కాత్కరీ గిరిజనులు ఆ అడవిలో కట్టె కొట్టారు, తేనె తీశారు. ‘వన్ ట్రీ హిల్’ నుంచి కిందికి దిగే ఇరుకు బాటను జనం నేటికీ ‘శివాజీ నిచ్చెన’ అంటారు. మాలెట్ కనుక్కున్నది కొండను కాదు. ముంబైలో ఎండకు వేగిపోతున్న తెల్లదొరలకు వేసవి విడిదికి పనికొచ్చే చోటును ఆయన చూసిపెట్టాడు. ఆ తేడాను గమనించకపోతే ఈ ఊరి కథ మొదటి వాక్యంలోనే తప్పుతుంది.

బొంబాయి గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు ఈ చోటు నచ్చింది. ఆయన చొరవతో 1850లలోనే బాటలు పడ్డాయి, బంగళాలు లేచాయి. కొండ అంచున మనిషి నిలబడి లోయను చూడగల ప్రతి చోటికీ ఒక పేరు పెట్టారు. లూయిసా, అలెగ్జాండర్, పనోరమా, గార్బట్, ఎకో అంటూ అలాంటివి 38 ఉన్నాయని లెక్క చెబుతారు. ఊరికి తాగునీరిచ్చే చెరువు పేరూ షార్లెట్ లేకే. కానీ ఆ చెరువు గట్టు మీద ఉన్న శివుడు మాత్రం పిసర్‌నాథ్. కొండ మీది పాత కాపురస్తులకు ఆయన గ్రామదేవుడు. ఒకే నీటి పక్కన ఇంగ్లీషు పేరూ దేశీ దేవుడూ ఉండటం చూస్తే, ఈ ఊళ్ళో ఎవరు ఎవరి తర్వాత వచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

దొరల వెనకే బొంబాయి పార్శీలు, బోహ్రాలు, గుజరాతీ వర్తకులు వచ్చారు. వెడల్పాటి వరండాలు, పెంకుల కప్పులు, చెట్ల మధ్య ఎకరాల కొద్దీ ఆవరణ ఉన్న వాళ్ళ పాత బంగళాలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. కొన్ని హోటళ్ళయ్యాయి, కొన్ని తాళాలు పడి వానకు కూలుతున్నాయి.

మరి వీళ్ళంతా పైకి ఎలా చేరారు? బొంబాయి నుంచి ఠాణే దాకా మొదటి రైలు 1853లో నడిచింది. మూడేళ్ళలో ఆ పట్టాలు నేరళ్ మీదుగా ఖొపోలి దాకా పాకాయి. అయితే రైలు కొండ కిందే ఆగేది. అక్కడి నుంచి గుర్రమో, డోలీయో, పల్లకీయో. ఒక కుటుంబం వేసవి గడపడానికి వస్తే మనుషులతో పాటు పరుపులు, వంటపాత్రలు, బియ్యం బస్తాలు, ఒక్కోసారి పియానో కూడా కొండెక్కాలి. ఆ బరువంతా ఎవరో ఒకరి భుజం మీదే ఎక్కింది. ఆ భుజాల పేర్లు ఏ బంగళా ఫలకం మీదా లేవు.

ఈ అవస్థను తీర్చాలనుకున్నవాడు సర్ ఆదంజీ పీర్‌భాయ్. బోహ్రా ముస్లిం కుటుంబంలో పేదవాడిగా పుట్టి, సైన్యానికి గుడారాలు, బూట్లు సరఫరా చేసే గుత్తేదారుగా ఎదిగి, బొంబాయిలో గొప్ప దాతగా పేరు తెచ్చుకున్న మనిషి. ఒకసారి నేరళ్‌లో దిగితే పైకి వెళ్ళడానికి ఏ వాహనమూ దొరక్క వెనక్కి తిరగాల్సి వచ్చిందనీ, ఆ రోజే కొండ మీదికి రైలు వేస్తానని ఒట్టు పెట్టుకున్నాడనీ ఊళ్ళో కథగా చెబుతారు. కథ ఎలా ఉన్నా పని మాత్రం నిజం. ఆయన కొడుకు అబ్దుల్ హుసేన్ ఆ పనిని తలకెత్తుకున్నాడు. 1904లో మొదలై 1907లో పూర్తయింది. ఆ ఏడాది మార్చి 22న రైలు నడిచింది. ప్రభుత్వం వేసిన దారి కాదిది, ఒక కుటుంబం సొంత డబ్బుతో వేసింది.

ఆ దారిని చూడటానికైనా ఒకసారి వెళ్ళాలి. పట్టాల మధ్య దూరం రెండడుగులే. ఇరవై కిలోమీటర్ల పొడవునా దారి పాములా మెలికలు తిరుగుతుంది. కొన్ని చోట్ల ప్రతి ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కాలి. మామూలు ఇంజను అంత ఇరుకు మలుపులు తిరగలేదు. అందుకని ముందూ వెనకా చక్రాలు మలుపును బట్టి పక్కకు జరిగేలా ప్రత్యేకంగా తయారైన ఇంజన్లను జర్మనీ నుంచి తెప్పించారు. కొండను తొలిచి దూరిపోవడం కన్నా దాని ఒంటిని అనుసరించి పోవడమే మేలనుకున్నారు కాబట్టి దారి మొత్తంలో సొరంగం ఒక్కటే. అది ఎంత పొట్టిదంటే దానికి ‘వన్ కిస్ టన్నెల్’ అని పేరు పడింది. జుమ్మాపట్టీ, వాటర్ పైప్, అమన్ లాడ్జ్ స్టేషన్లు దాటి మాథేరాన్ బజారు నడిబొడ్డున రైలు ఆగుతుంది. వెళ్ళిన దూరం ఇరవై కిలోమీటర్లు, పట్టిన సేపు రెండు గంటల పైమాటే. ఎవరూ విసుక్కోరు.

వాన మాత్రం ఈ దారిని ఎప్పుడూ వదల్లేదు. 2005 జూలైలో ముంబైని ముంచెత్తిన వానకు పట్టాలు కొట్టుకుపోతే రెండేళ్ళ దాకా రైలు లేదు. 2019లో మళ్ళీ తెగింది. నేరళ్ నుంచి పూర్తి దారి 2022 అక్టోబరులో గానీ తెరుచుకోలేదు. వానాకాలంలో కింది దారి మూసి, అమన్ లాడ్జ్ నుంచి బజారు దాకా ఉన్న చివరి ముక్క మీద మాత్రం బండి నడుపుతారు.

విహారయాత్రికుల ఊరు కదా, రాజకీయాలు పట్టవనుకుంటే పొరపాటు. 1912 డిసెంబరు 1న మాథేరాన్‌లో ఒక క్షురక కుటుంబంలో విఠల్ లక్ష్మణ్ కోత్వాల్ పుట్టాడు. లా చదివాడు, ఊరి పురపాలక సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. చుట్టుపక్కల రైతులు వడ్డీ వ్యాపారుల చేతుల్లో నలిగిపోవడం చూసి వాళ్ళ కోసం ధాన్యం నిల్వ కేంద్రాలు పెట్టించాడు. 1942 క్విట్ ఇండియా ఉద్యమం రాగానే అజ్ఞాతంలోకి వెళ్ళి ‘ఆజాద్ దస్తా’ అనే దళాన్ని కట్టాడు. ముంబైకి కరెంటు తీసుకెళ్ళే ఉక్కు స్తంభాలను ఆ దళం రాత్రి వేళల్లో కోసి పడగొట్టింది. 1943 జనవరి 2 తెల్లవారుజామున సిద్ధగఢ్ అడవిలో పోలీసులు చుట్టుముట్టి కాల్చారు. కోత్వాల్‌తో పాటు హీరాజీ పాటిల్ ప్రాణాలు విడిచాడు. అప్పటికి కోత్వాల్‌కు ముప్ఫై ఏళ్ళు. భాయ్ కోత్వాల్ పేరు మాథేరాన్ వాళ్ళ నోట ఇంకా భక్తిగా వస్తుంది. సూర్యాస్తమయం చూడటానికి లూయిసా పాయింటుకు పరిగెత్తే పర్యాటకులు ఆయన స్మారకం దగ్గర ఒక నిమిషం ఆగితే బాగుంటుంది.

ఇక మోటారు సంగతి. బాటలు పడింది నడకకూ గుర్రానికీ కాబట్టి కార్లు ఊళ్ళోకి రాకపోవడం మొదట్నుంచీ అలవాటుగా వచ్చింది. 2003లో కేంద్ర ప్రభుత్వం మాథేరాన్‌నూ దాని చుట్టూ ఉన్న ప్రాంతాన్నీ పర్యావరణపరంగా సున్నితమైన మండలంగా ప్రకటించడంతో ఆ అలవాటుకు చట్టం తోడైంది. అడవి నిలిచింది, గాలి శుభ్రంగా మిగిలింది. కానీ గ్యాసు సిలిండరు, పాల క్యాను, సిమెంటు బస్తా ఇప్పటికీ చాలావరకు గుర్రం వీపు మీదే రావాలి. నడవలేని ముసలివాళ్ళకూ, గుర్రం ఎక్కడానికి భయపడేవాళ్ళకూ చాలాకాలం ఉన్న దారి చేతి రిక్షా. దాన్ని ముందు ఒకరు లాగితే వెనక నుంచి మరొకరిద్దరు నెట్టేవారు. ఎర్రమట్టిలో, వానలో, ఎదురెక్కుడు మీద మనిషిని మనిషి లాగడం.

దేశమంతా వదిలేస్తున్న ఆ పని ముంబై పక్కనే అంతకాలం ఎందుకు మిగిలింది? మోటారు వద్దనుకున్న నియమానికి ప్రత్యామ్నాయం ఎవరూ ఆలోచించలేదు కాబట్టి. బ్యాటరీతో నడిచే రిక్షాలు అడిగిన వాళ్ళలో ఆ బండ్లను లాగేవాళ్ళే ఉన్నారు. బడికి కిలోమీటర్ల కొద్దీ నడిచే పిల్లల తల్లిదండ్రులూ కావాలన్నారు. గుర్రాలవాళ్ళు వద్దన్నారు, వాళ్ళ భయమూ కల్లకాదు. ఊళ్ళో నాలుగు వందలకు పైగా గుర్రాలున్నాయి, వాటి మీద బతికే ఇళ్ళున్నాయి. దారికి పరిచిన ఇటుకల మీద గిట్టలు జారతాయన్న అభ్యంతరమూ వచ్చింది. చివరికి సుప్రీంకోర్టు అనుమతితో 2022 డిసెంబరులో ఏడు ఈ-రిక్షాలు మూడు నెలల పాటు ప్రయోగంగా నడిచాయి.

2025 ఆగస్టు 6న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. మనిషిని మనిషి లాగే రిక్షాలను ఆరు నెలల్లో ఆపేయాలనీ, వాటిని లాగినవాళ్ళకే ఈ-రిక్షాలు ఇచ్చి బతుకు చూపాలనీ, డబ్బు లేదన్న సాకు ప్రభుత్వం చెప్పకూడదనీ ఆదేశించింది. 1980లో పంజాబు రిక్షా కార్మికుల కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పును ఈ సందర్భంలో గుర్తుచేసింది. లాగేవాడికే బండి సొంతం కావాలన్న ఆలోచన అప్పటిదే. అది ఈ కొండ ఎక్కడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. దస్తూరీ నాకా నుంచి ఊళ్ళోని శివాజీ విగ్రహం దాకా మాత్రమే ఇటుకల దారి ఉండొచ్చు, లోపలి బాటల్లో, అడవి దారుల్లో వద్దు అని కూడా అదే తీర్పు చెప్పింది.

ఈ రెండు మాటలను కలిపి చదవాలి. మనిషి మెడ మీద కాడి తీయడానికీ అడవిలో సిమెంటు పరచడానికీ సంబంధం లేదు. కాడి తీసే పేరుతో రేపు కార్లకు దారి తెరవాలని ఎవరైనా అడిగితే మాథేరాన్ ఒప్పుకోకూడదు. ఈ పశ్చిమ కనుమల్లోనే ఇతర విడిది ఊళ్ళు వారాంతపు కార్ల బారుల కింద ఎలా నలుగుతున్నాయో చూస్తూనే ఉన్నాం.

మాథేరాన్ వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక్క మాట. దస్తూరీ నాకా దగ్గర దిగాక కాళ్ళు సహకరిస్తే నడవండి, దారి ముప్పావు గంట. సహకరించకపోతే ఈ-రిక్షాలోనో, అమన్ లాడ్జ్ నుంచి చిన్న రైల్లోనో వెళ్ళండి. మనిషి లాగే బండి ఎదురైతే మాత్రం ఎక్కకండి.