దేవతాచిత్రాలలో రేఖ

జపాన్‌లోని హోర్యూజీ ఆలయ స్వర్ణమందిర కుడ్యాలపై సుమారు 1,300 ఏళ్ల నాడు బుద్ధమూర్తులను ఒకే మందం గల సన్నని గీతలతో చిత్రించారు. కళాచరిత్రకారులు దీనిని ‘ఇనుపతీగ రేఖ’ అని వ్యవహరించారు. అచ్చట ఇనుము ఉపమానం మాత్రమే. శ్రీకాళహస్తి కలంకారీలో ఇనుమే రేఖకు ప్రాణం. కరక్కాయ, పాలు పట్టించిన నూలుగుడ్డపై, బెల్లపునీటిలో ఇనుపముక్కలను ఊరవేసిన ద్రవంతో వెదురుకలం గీసిన గీత నల్లబడి చెరగనిదవుతుంది. వర్ణాలకూ సంకేతార్థాలున్నాయి: శ్రీరామ, శ్రీకృష్ణులకు నీలం, ఆంజనేయునికి ఆకుపచ్చ, రాక్షసులకు ఎరుపు.

హోర్యూజీ కుడ్యచిత్రాలు 1949 నాటి అగ్నిప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్నాయి. క్షీణించిన శ్రీకాళహస్తి కళకు 1950లలో నెలకొన్న శిక్షణకేంద్రం మరల ఊపిరి పోసింది. చిత్రం నశింపవచ్చును, గురువు నుండి శిష్యునికి అందినంతకాలం రేఖ నశింపదు.