బోనాల ముందు సాయంత్రం

లష్కర్ బోనాలు ఆదివారమంటే, శనివారం సాయంత్రం అమ్మ చీటీ రాసి చేతిలో పెడుతుంది. కొత్త కుండ, దాని మీదికి దీపం పెట్టే ప్రమిద, పసుపు, కుంకుమ, సున్నం, వేపమండలు, నిమ్మకాయలు, బెల్లం, ఊదు, బంతిపూలు. మోకాళ్లు పట్టేసి అమ్మ బజారుకు రావడం మానేసినప్పటి నుంచి ఆ పని నాదయింది. ఏడాది మొత్తంలో నాకు అంత ఇష్టమైన నడక ఇంకోటి లేదు.

మా ఇల్లు రెజిమెంటల్ బజార్‌లో. పేరులోనే దండు ఉంది. సికింద్రాబాద్‌ను మా పెద్దవాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే సైన్యం. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాక కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు ఈ చోటికి పెట్టారు. దండు దిగిన చోటికి గింజలు, గడ్డి, బట్టలు అమ్మేవాళ్లు రాక తప్పదు. మద్రాసు వైపు నుంచి ముదలియార్లు, వాళ్లతోపాటు పార్సీలు, మార్వాడీలు, చుట్టూ ఉన్న పల్లెల జనం వచ్చి చేరారు. మా బజార్లు అట్లా పుట్టినవే.

మోండా మార్కెట్‌కు చేరేసరికి సన్నగా తుప్పర. ఆషాఢంలో అది మామూలే. తడిసిన వేపాకు వాసన సందు మొదట్లోనే తగులుతుంది. మండలు కుప్ప పోసుకుని కూర్చున్న అవ్వ దగ్గర ఆగి, లేత చిగురున్నవి ఏరుకుంటున్నాను.

"కట్ట ఎంత అవ్వా?"

"ఇరవై. బోనానికేనా బిడ్డా?"

అవునన్నాను. అవ్వ ఇంకో రెండు మండలు తీసి కట్టలో దోపింది. "అమ్మవారికి నా తరఫున," అంది. ఆ మాట విన్నాక బేరమాడడానికి నోరు రాలేదు.

కుండ కొనడం మాత్రం తొందరపడే పని కాదు. అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. కుండను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో మెల్లగా కొట్టాలి. ఖంగుమంటే బాగా కాలినట్టు, బొదబొదమంటే ఎక్కడో బీట ఉన్నట్టు. మూతి మీద ప్రమిద కదలకుండా కూర్చోవాలి, అడుగు తలమీది చుట్టకుదురులో ఒదగాలి. నాలుగు కుండలు పక్కనపెట్టి ఐదోది తీసుకున్నాను. అమ్మేవాడు విసుక్కోలేదు. "తలమీద మోసేది కదక్కా, చూసుకోవాలె," అన్నాడు.

కుండ చంకన పెట్టుకుని పాట్ మార్కెట్ మీదుగా నడిచాను. కుండల పేరు మోసే ఆ వీధిలో ఇప్పుడు అద్దాల వెనక బంగారు నగలు. అక్కడ నిజం కుండ పట్టుకుని నడుస్తుంటే నాకు ప్రతిసారీ మనసు నిండిపోతుంది, ఆ వీధి వస్తువును ఆ వీధికి చూపించి వెళ్తున్నట్టు.

జనరల్ బజార్ దాటితే ఉజ్జయిని మహంకాళి గుడి. దాని పుట్టుక కూడా దండుతో ముడిపడిందే. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ అయి వెళ్లాడని, అప్పుడు ఇక్కడ కలరా వేలమందిని తీసుకుపోతోందని విని, ఊరు చల్లబడితే గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని ఆలయ కథనం. 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం నిలబెట్టాడట. 1864లో రాతి విగ్రహం వచ్చింది. సికిందర్ జా పేరు పటంలో ఉంది, నిజమే. కానీ ఈ ఊళ్లో లక్షలమందిని ఏటా రోడ్డెక్కించేది ఒక డోలీ మోసేవాడి మొక్కు. మా ఊరి చరిత్ర ఎవరైనా అడిగితే నేను ముందు అప్పయ్య పేరే చెబుతాను.

గుడి ముందు రేపటి వరసల కోసం కర్రలు కడుతున్నారు. వెదురుబద్దలకు రంగు కాగితాలు అంటించిన తొట్టెలను ఇద్దరు కుర్రాళ్లు వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు కప్పి మోసుకెళ్తున్నారు. ఎక్కడో డప్పు వేడి చేసి వాయించి చూస్తున్నారు. సోమవారం ఇక్కడే రంగం, పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తారు.

ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటింది. బెల్లం మర్చిపోయానని అప్పుడు తెలిసింది. అమ్మ ఏమీ అనలేదు. కుండను ఒళ్లో పెట్టుకుని, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత గిన్నెలో సున్నం కలపడం మొదలుపెట్టింది. నేను బెల్లం కోసం మళ్లీ చెప్పులు వేసుకున్నాను.