డ్యూయల్ బూట్

డ్యూయల్ బూట్ అంటే ఒకే పర్సనల్ కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు (ఓఎస్‌లు) ఉంచుకొని, మెషీన్ ఆన్ చేసినప్పుడల్లా వాటిలో ఒకదాన్ని ఎంచుకొని నడుపుకోవడం. రెండూ ఒకేసారి నడవవు. ఒకటి నడుస్తున్నంత సేపూ ప్రాసెసర్, మెమరీ, డిస్క్ అన్నీ దాని అధీనంలోనే ఉంటాయి. రెండోదానికి మారాలంటే రీస్టార్ట్ చేయాల్సిందే. ఒక ఓఎస్ లోపల మరో ఓఎస్‌ను నడిపే వర్చువల్ మెషీన్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే. రెండుకు మించి ఉంటే మల్టీ బూట్ అంటారు. ఎక్కువగా కనిపించే జోడీ విండోస్, లినక్స్.

పవర్ బటన్ నొక్కిన కొన్ని సెకన్లలో ఏ ఓఎస్ లేవాలో తేల్చి, దాన్ని మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్‌ను బూట్ లోడర్ అంటారు. డ్యూయల్ బూట్ చరిత్రలో అధికభాగం బూట్ లోడర్ల చరిత్రే. ఆ కొద్ది సెకన్ల మీద హక్కు కంప్యూటర్ కొన్నవారిదా, ఓఎస్ కంపెనీదా, మెషీన్ తయారుచేసినవారిదా అన్న వివాదం మొదటి నుంచీ దీని వెంటే నడిచింది.

ఫ్లాపీల కాలం

1980లో మైక్రోసాఫ్ట్ ఆపిల్-2 కోసం సాఫ్ట్‌కార్డ్ అనే విస్తరణ కార్డును విడుదల చేసింది. ఆపిల్-2లో ఉండేది 6502 ప్రాసెసర్; ఈ కార్డు మీద జెడ్80 ప్రాసెసర్ ఉండేది. కార్డు తగిలిస్తే ఆపిల్ మీద సీపీ/ఎం ఓఎస్ నడిచేది. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించినప్పుడు దానికి మూడు ఓఎస్‌లు చెప్పింది: పీసీ డాస్, సీపీ/ఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్. డాస్ ధర 40 డాలర్లు, సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు. ఈ తేడా చాలావరకు డాస్ గెలుపును ఖాయం చేసింది. ఆ మెషీన్‌కు హార్డ్ డిస్క్ లేదు కాబట్టి ఓఎస్ మార్చడమంటే ఫ్లాపీ మార్చడమే. ఎంపిక పూర్తిగా వాడేవారి చేతిలో ఉండేది.

పార్టిషన్ పట్టిక

1983 మార్చిలో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉంది. దానితో వచ్చిన పీసీ డాస్ 2.0, డిస్క్‌ను వాటాలుగా విడగొట్టే ఎఫ్‌డిస్క్ అనే సాధనాన్ని తెచ్చింది. డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు. పట్టికలో ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు వరసలే పడతాయి. నాలుగింటిలో ఒకదానికి ‘యాక్టివ్’ అన్న ముద్ర ఉంటుంది; మదర్‌బోర్డులో ఉండి మెషీన్‌ను మొదట లేపే బయోస్ అనే ప్రోగ్రామ్ ఈ సెక్టార్‌ను మెమరీలోకి తెచ్చి నడిపితే, అది యాక్టివ్ పార్టిషన్‌ను వెతికి పని దానికి అప్పగిస్తుంది. తర్వాతి రోజుల్లో మాస్టర్ బూట్ రికార్డ్ అని పేరు పడ్డ ఈ ఏర్పాటు, ఒక డిస్క్‌ను వేర్వేరు ఓఎస్‌లు పంచుకోవడానికే రూపొందింది. ముప్పై ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచిన చక్కని రూపకల్పన ఇది. అయితే మెనూ లేదు. ఓఎస్ మార్చాలంటే ఎఫ్‌డిస్క్ తెరిచి, ముద్రను మరో పార్టిషన్‌కు మార్చి, రీస్టార్ట్ చేయాలి. 1980ల మిగతా భాగంలో ఇలా డాస్ పక్కన జెనిక్స్ వంటి యునిక్స్ రకాలు పెట్టుకున్నవారు కొద్దిమందే.

ఓఎస్/2, విండోస్ ఎన్‌టీ

1987 డిసెంబరులో విడుదలైన ఓఎస్/2 డాస్ స్థానంలోకి రావాలని తలపెట్టిన ఓఎస్. జనం డాస్‌ను ఒక్కసారిగా వదులుకోరు కాబట్టి 1992లో వచ్చిన ఓఎస్/2 2.0లో రెండు దారులు పెట్టారు. మొదటిది, ఒకే పార్టిషన్‌లో డాస్‌నూ ఓఎస్/2నూ ఉంచి, ఒక ఆదేశంతో బూట్ ఫైళ్లను మార్చుకోవడం. రెండోది బూట్ మేనేజర్. ఇది తనకంటూ ఒక చిన్న పార్టిషన్ తీసుకొని, మెషీన్ లేవగానే ఓఎస్‌ల పేర్లతో మెనూ చూపించేది. నిర్ణీత సమయంలో ఎవరూ ఏమీ నొక్కకపోతే ముందుగా పెట్టిన ఓఎస్‌ను తెరిచేది. ఈ పద్ధతే నేటికీ చాలా బూట్ మెనూలలో కనిపిస్తుంది.

1993 జూలైలో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1తో ఎన్‌టీఎల్‌డీఆర్ అనే లోడర్, boot.ini అనే మామూలు టెక్స్ట్ ఫైలు వచ్చాయి. ఎన్‌టీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పాత డాస్ బూట్ సెక్టార్‌ను ఒక ఫైలుగా దాచి, మెనూలో దానికో వరస చేర్చేది. ఇదే ఉపాయంతో లినక్స్ బూట్ సెక్టార్‌ను కూడా ఫైలుగా తెచ్చి ఎన్‌టీ మెనూలో చేర్చుకున్నవారు ఉన్నారు.

లినక్స్, లైలో

డ్యూయల్ బూట్ కొద్దిమంది నిపుణుల పని నుంచి విద్యార్థుల గదుల్లోకి వచ్చింది లినక్స్‌తోనే. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాయడం మొదలుపెట్టింది తన 386 కంప్యూటర్‌లో మినిక్స్ అనే ఓఎస్ వాడుతూనే. మోడెమ్‌కు పంపాల్సిన డయల్ ఆదేశం ఒకసారి హార్డ్ డిస్క్‌కు వెళ్లి మినిక్స్ పార్టిషన్ చెడిపోవడంతో ఆయన పూర్తిగా లినక్స్‌లోకే మారారు. అలా లినక్స్ పుట్టుకే ఒక డిస్క్ మీద రెండు ఓఎస్‌ల మధ్య జరిగింది.

1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లైలో, దశాబ్దం పాటు లినక్స్‌కు ప్రధాన బూట్ లోడర్‌గా ఉంది. లైలోకు ఫైల్ సిస్టమ్‌లు అర్థం కావు. ఓఎస్ కేంద్ర భాగమైన కెర్నల్ డిస్క్ మీద ఏయే సెక్టార్లలో ఉందో ముందే జాబితా రాసుకొని, బూట్ సమయంలో ఆ జాబితా ప్రకారం చదువుతుంది. కాబట్టి కెర్నల్ మార్చిన ప్రతిసారీ లైలో ఆదేశాన్ని మళ్లీ నడపాలి. మరిచిపోతే మెషీన్ లేవదు.

లేవకపోతే లోపం ఎక్కడుందో చెప్పే తీరు మాత్రం మెచ్చుకోదగినది. ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా లైలో తన పేరులోని ఒక్కో ఇంగ్లిష్ అక్షరాన్ని తెరమీద వేసేది. ఏమీ కనిపించకపోతే లైలో అసలు మొదలే కాలేదు. ‘ఎల్’ దగ్గర ఆగితే మొదటి భాగం నడిచింది, రెండో భాగం అందలేదు. ‘ఎల్, ఐ’ దగ్గర ఆగితే రెండో భాగం వచ్చింది గాని నడవలేదు. ‘ఎల్, ఐ, ఎల్’ అంటే సెక్టార్ల జాబితా చదవలేకపోయింది. నాలుగు అక్షరాలూ పడితే అంతా సవ్యం. 446 బైట్లలో ఇమడాల్సిన కోడ్‌కు ఇంతకన్నా పొదుపైన దోషసూచిక ఊహించడం కష్టం.

ఆ కాలపు మరో చిక్కు 1024 సిలిండర్ల హద్దు. పాత బయోస్ 1023వ సిలిండర్ దాటి చదవలేదు. తొలి ఐడీఈ డిస్కులలో ఇది 504 మెగాబైట్ల దగ్గరే పడేది. బయోస్‌లు సిలిండర్ల లెక్క మార్చి చూపించడం నేర్చాక హద్దు సుమారు 8.4 గిగాబైట్లకు జరిగింది. డిస్క్ ముందు భాగాన్ని విండోస్ ఆక్రమించాక లినక్స్ కెర్నల్ హద్దుకు అవతల పడితే లైలో దాన్ని అందుకోలేదు. అందుకే డిస్క్ మొదట్లో ఒక చిన్న బూట్ పార్టిషన్ చేయమని ఆనాటి గైడ్లన్నీ చెప్పేవి. తర్వాతి బయోస్‌లు, లైలో కొత్త వెర్షన్లు వచ్చాక ఈ బాధ తీరింది.

ఉన్న విండోస్‌ను చెరపకుండా లినక్స్‌కు చోటు చేయడం అప్పట్లో మరో పెద్ద పని. ముందు డీఫ్రాగ్ చేసి ఫైళ్లన్నీ డిస్క్ మొదటికి చేర్చి, ఆర్నో షేఫర్ రాసిన ఫిప్స్ అనే ఉచిత సాధనంతో ఖాళీ భాగాన్ని విడగొట్టేవారు. డబ్బు పెట్టగలిగినవారు పవర్‌క్వెస్ట్ కంపెనీ పార్టిషన్ మ్యాజిక్ వాడేవారు. మాస్టర్ బూట్ రికార్డ్‌ను ముట్టుకోవడానికి జంకేవారికి హాన్స్ లెర్మెన్ రాసిన లోడ్‌లిన్ ఉండేది: ముందు డాస్ లేస్తుంది, అక్కడి నుంచి ఒక ఆదేశంతో లినక్స్ మొదలవుతుంది.

1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95, ఇన్‌స్టాల్ అయినప్పుడు మాస్టర్ బూట్ రికార్డ్‌లోని కోడ్‌ను తన కోడ్‌తో నింపేసేది. పక్కన మరో ఓఎస్ ఉందా అని చూసేది కాదు. లినక్స్ డిస్క్ మీద భద్రంగానే ఉన్నా దానికి దారి పోయేది. ముందు విండోస్, తర్వాతే లినక్స్ ఇన్‌స్టాల్ చేయాలన్న నియమం, బూట్ ఫ్లాపీ దగ్గర ఉంచుకోవాలన్న జాగ్రత్త ఇలా స్థిరపడ్డాయి. ఆ నియమం ఇప్పటికీ వినిపిస్తుంది.

గ్రబ్

1995లో ఎరిక్ బోలిన్, గ్నూ హర్డ్ అనే ఓఎస్‌ను బూట్ చేయడానికి గ్రబ్ రాశారు. ఏ ఓఎస్ అయినా ఏ లోడర్‌తోనైనా లేచేలా ఒక ఉమ్మడి పద్ధతి కావాలని బ్రయాన్ ఫోర్డ్‌తో కలిసి మల్టీబూట్ ప్రమాణాన్ని రూపొందించిందీ ఆయనే. 1999లో గోర్డన్ మట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజీ గ్రబ్‌ను గ్నూ ప్రాజెక్టులో భాగం చేశారు. లైలోకు భిన్నంగా గ్రబ్ ఫైల్ సిస్టమ్‌ను స్వయంగా చదవగలదు. కెర్నల్ మారినా, సెట్టింగుల ఫైలు పాడైనా, బూట్ సమయంలోనే ఆదేశాలు టైప్ చేసి డిస్క్‌లను గాలించి కెర్నల్‌ను లేపవచ్చు. పూర్తిగా తిరగరాసిన గ్రబ్ 2ను ఉబుంటు అనే లినక్స్ రకం 2009లో 9.10 వెర్షన్‌తో ప్రధాన లోడర్‌గా తీసుకుంది, 2.00 వెర్షన్ 2012లో వచ్చింది. డిస్క్‌లో ఉన్న ఇతర ఓఎస్‌లను వెతికి మెనూలో చేర్చే పనిని ఓఎస్-ప్రోబర్ అనే సాధనం చూసుకుంటుంది. సాటి ఓఎస్‌కు మెనూలో చోటు ఇచ్చే ఈ మర్యాద లినక్స్ ప్రపంచం చాలాకాలం పాటించిన సంప్రదాయం.

బీఓఎస్ ఉదంతం

ఆపిల్ మాజీ అధికారి జాన్-లూయీ గాసే స్థాపించిన బీ కంపెనీ 1998లో తన బీఓఎస్‌ను ఇంటెల్ కంప్యూటర్లకు తెచ్చింది. విండోస్‌ను తీసేయమని కాక, దాని పక్కన తమకూ కాస్త చోటు ఇవ్వమని తయారీదారులను కోరింది. అందుకు ఓఎస్‌ను ఉచితంగా ఇస్తామంది. జపాన్‌లో హిటాచి తన ఫ్లోరా ప్రియస్ మోడల్‌లో రెండూ ఎక్కించింది. కానీ మెషీన్ ఆన్ చేస్తే బూట్ మెనూ రాలేదు, నేరుగా విండోస్ లేచింది. డిస్క్‌లో బీఓఎస్ ఉన్న సంగతి కొన్నవారికి కనిపించే వీలే లేదు. తయారీదారులు విండోస్‌తో పాటు మరో ఓఎస్ మెనూ చూపించకుండా మైక్రోసాఫ్ట్ లైసెన్సు షరతులు అడ్డుకున్నాయని బీ ఆరోపించింది. 2001లో బీ ఆస్తులు పామ్ కంపెనీకి అమ్ముడయ్యాయి. 2002లో వేసిన దావా 2003 సెప్టెంబరులో 2 కోట్ల 32.5 లక్షల డాలర్లకు రాజీ అయింది. తప్పు చేసినట్టు మైక్రోసాఫ్ట్ ఒప్పుకోలేదు. ఓఎస్‌ను తీసేయనక్కరలేదు, మెనూ చూపించకపోతే చాలని ఈ ఉదంతం తేల్చింది.

మాక్

ఆపిల్ 2006 జనవరిలో ఇంటెల్ ప్రాసెసర్ల మాక్‌లను విడుదల చేసింది. వాటి మీద విండోస్ ఎక్స్‌పీని నడిపినవారికి ఔత్సాహికులు చందాలు వేసి బహుమతి ప్రకటించగా, మార్చిలో అది సాధ్యమైంది. ఏప్రిల్ 5న ఆపిలే బూట్ క్యాంప్ బీటాను విడుదల చేసింది. 2007 అక్టోబరులో అది లెపర్డ్ అనే మాక్ ఓఎస్ వెర్షన్‌లో భాగమైంది. 2020లో ఆపిల్ సొంత ప్రాసెసర్లకు మారాక ఆ మెషీన్లలో బూట్ క్యాంప్ లేదు. అయితే వేరే ఓఎస్‌ను బూట్ చేసే దారిని ఆపిల్ మూయలేదు. ఆ దారిలోనే అసాహి లినక్స్ 2022లో తొలి పరీక్షా వెర్షన్ తెచ్చింది.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

డయలప్ రోజుల్లో లినక్స్ డౌన్‌లోడ్ చేయడం మామూలు ఇళ్లలో అయ్యే పని కాదు. 1990ల నడుమ నుంచి పీసీక్వెస్ట్ పత్రిక సంచికతో పాటు లినక్స్ సీడీలు ఇవ్వడంతో దేశంలో చాలామంది తొలిసారి పార్టిషన్ చేయడం నేర్చారు. జేఎన్‌టీయూ బీటెక్ సిలబస్‌లో యునిక్స్, లినక్స్ ప్రోగ్రామింగ్ ల్యాబులు ఉండటం తెలుగు విద్యార్థుల కంప్యూటర్లలోకి రెండో ఓఎస్ రావడానికి ఒక కారణం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్‌ను తీర్చిదిద్ది, విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో ఉచితంగా ఇన్‌స్టాల్ చేసిపెట్టే శిబిరాలు నడిపింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా తెలుగుతో సహా భారతీయ భాషలకు తోడ్పాటు ఇచ్చింది.

భారతదేశంలో డ్యూయల్ బూట్ చేసినవారికి మొదట ఎదురయ్యే వింత గడియారం. లినక్స్ సాధారణంగా మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని ఉంచుతుంది. విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. దాంతో లినక్స్ వాడి విండోస్‌లోకి రాగానే గడియారం 5:30 గంటలు వెనక్కి వెళుతుంది. రెండింటిలో ఒకదాని సెట్టింగ్ మారిస్తే సమస్య పోతుంది.

యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్

512 బైట్ల సెక్టార్లతో పాత పార్టిషన్ పట్టిక 2 టెరాబైట్లకు మించి లెక్కపెట్టలేదు. బయోస్ స్థానంలోకి ఇంటెల్ మొదలుపెట్టిన కొత్త ఫర్మ్‌వేర్ పద్ధతిని 2005 నుంచి యూఈఎఫ్‌ఐ ఫోరం చూస్తోంది. దీనితో వచ్చిన జీపీటీ పట్టికలో సాధారణంగా 128 పార్టిషన్లకు చోటుంది. ఒక్కో ఓఎస్ తన లోడర్‌ను ఉమ్మడి పార్టిషన్‌లో వేరే ఫోల్డర్‌లో ఉంచుకుంటుంది. ఒకటి మరొకదాన్ని చెరిపేయాల్సిన అవసరం లేకుండా పోయింది.

2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8తో సెక్యూర్ బూట్ వ్యాపించింది. ఫర్మ్‌వేర్‌లో ఉన్న కీతో సంతకం సరిపోలిన లోడరే నడుస్తుంది. కంప్యూటర్లలో సాధారణంగా ఉండేవి మైక్రోసాఫ్ట్ కీలు కాబట్టి లినక్స్ మొరాయిస్తుందన్న ఆందోళన పుట్టింది. మాథ్యూ గారెట్ రూపొందించిన షిమ్ అనే చిన్న లోడర్ మైక్రోసాఫ్ట్ సంతకంతో ముందు లేచి, తర్వాత గ్రబ్‌ను సరిచూసి నడిపేలా చేసి ఆ చిక్కు విప్పింది. విండోస్ 8 లోగో కోసం ఇంటెల్ తరహా కంప్యూటర్లలో సెక్యూర్ బూట్‌ను ఆపేసే వీలు తప్పనిసరిగా ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన పెట్టింది. విండోస్ 10 నాటికి దాన్ని తయారీదారుల ఇష్టానికి వదిలింది.

విండోస్ 8లోనే వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ మరో ఇబ్బంది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ పార్టిషన్‌లో రాస్తే ఫైళ్లు దెబ్బతినవచ్చు. అందుకే డ్యూయల్ బూట్‌కు ముందు దాన్ని ఆపేయమనీ, డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని రాసి పెట్టుకోమనీ సలహా ఇస్తారు.

ప్రస్తుత స్థితి

1999లో వీఎంవేర్, 2007లో వర్చువల్‌బాక్స్, 2016లో విండోస్ లోపలే లినక్స్ సాధనాలను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ రావడంతో, రీస్టార్ట్ అవసరం లేని దారులు పెరిగాయి. మెషీన్ శక్తి మొత్తం కావలసినవారికీ, తక్కువ మెమరీ ఉన్న పాత కంప్యూటర్లు వాడేవారికీ డ్యూయల్ బూటే మెరుగు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక భద్రతా అప్‌డేట్, పాత గ్రబ్‌లను అడ్డుకోబోయి అనేక డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్‌ను లేవనివ్వలేదు. అలాంటి మెషీన్లకు అది వర్తించదని కంపెనీ ముందుగా చెప్పినా, కొన్ని ఏర్పాట్లను అది గుర్తించలేకపోయింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగియడంతో, విండోస్ 11కు అర్హత లేని కంప్యూటర్లలో లినక్స్‌ను పక్కన పెట్టుకొని చూసే అవసరం మళ్లీ పెరిగింది. కొత్త కంప్యూటర్ కొనేవారు ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్‌ను ఆపేసే వీలు, సొంత కీలు చేర్చుకునే వీలు ఉన్నాయో లేవో ముందే చూసుకోవాలి. రెండో ఓఎస్‌కు ఆ మెషీన్‌లో చోటు ఉంటుందా లేదా అన్నది ఇప్పుడు అక్కడే తేలుతోంది.